వేడి రేకు మీద రంగు

మార్చి 9

అత్తా,

ముందే నమస్కారం పెట్టేస్తున్నాను. ఉత్తరం అయ్యేసరికి నువ్వు తిట్టడం ఖాయం కదా.

డాక్టరు నీ కుడి చెవి అంచు మీది మచ్చ తీసేసి నెల కూడా కాలేదు. రిపోర్టు చూసి ఆయన ఏమన్నాడో నేను విన్నాను, నువ్వు వినలేదు. ఆ సమయానికి నువ్వు ఆసుపత్రి గోడకి వేసిన రంగు ఎంత నాసిరకమో నర్సుకి వివరిస్తున్నావు. అందుకని మళ్ళీ చెబుతున్నాను. అది చర్మ క్యాన్సరు. మొదట్లోనే దొరికింది, మొత్తం తీసేశారు. కానీ ఇకమీదట ఆ చెవిని, మెడని, మొహాన్ని ఎండ నుంచి కాపాడుకోవాలి. జూన్ తొమ్మిదిన మళ్ళీ చూపించాలి.

పుండు మానిందో లేదో, సంచి సర్దుకుని కొండెక్కావు. ఆ నీళ్ళ ట్యాంకుకి రంగు నువ్వే వెయ్యాలా అంటే, "నలభై ఏళ్ళు బ్రష్షు పడితే ఇప్పటికి నన్ను మేస్త్రి అన్నారు. చెవి కోసం వదులుకుంటానా?" అన్నావు. మా నాన్న బల్బు మార్చాలంటే స్టూలు నన్ను పట్టుకోమంటాడు. ఆయన కూతుర్ని కాబట్టి నాకూ ఎత్తంటే భయమే. నువ్వు ఆయనకి చెల్లెలివి ఎలా అయ్యావో దేవుడికే తెలియాలి.

మా మందుల షాపు నుంచి నాలుగు ట్యూబులు పంపుతున్నాను. రోజూ రాసుకో. మొహం కూడా కళకళలాడుతుంది. షాపులో జనం నిలబడ్డారు, ఉంటాను.

నీ కోడలుపిల్ల


మార్చి 18

మందుల షాపు మహారాణికి,

అత్త దీవెనలు. తిట్లు తర్వాత.

ఫోన్ ఎత్తడం లేదని మీ నాన్న గోల పెడుతున్నాడట. అది ప్రైమరు డబ్బాలో పడింది. తీసి ఆరబెట్టాను. ఇక దానికి జన్మలో తుప్పు పట్టదు, మోగనూ మోగదు. బుధవారం బుధవారం రంగు డబ్బాల లారీ వస్తుంది, దాని డ్రైవరు చేత పంపుతుంటాను.

ట్యాంకు చూస్తే నీ కళ్ళు తిరుగుతాయి. ఎనిమిది ఇనుప కాళ్ళ మీద గుండ్రంగా, ఇంత బొజ్జేసుకుని నిలబడింది. పైన మూత. పదిహేనేళ్ళుగా దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు, తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. మేం ఆరుగురం. తాళ్ళు కట్టి మమ్మల్ని పలక మీద కూర్చోబెట్టి పైకి లాగేది తాళ్ళ తాత. ఆయన వేసిన ముడి యముడు కూడా విప్పలేడు. తుప్పు పట్టకుండా అడుగున ప్రైమరు ఒక పూత, పైన తెల్ల రంగు రెండు పూతలు, జూన్ ఏడు లోపల పూర్తి కావాలి. ఆ తర్వాత వానలు మన మాట వినవు.

ఇక తిట్లు. నా నలుపు నీకెప్పటి నుంచి అడ్డొచ్చింది? చెవి, చెవి అని భయపెట్టి చేతిలో తెల్లబడే క్రీము పెడతావా? ట్యూబు మీద ఆ పాలమీగడలాంటి అమ్మాయి నన్ను చూసి నవ్వుతోంది. ఈ వయసులో నాకేమన్నా పెళ్ళిచూపులా? నా ఒంటి నలుపు దేవుడు వేసిన ప్రైమరు. నలభై ఏళ్ళ ఎండ దాన్నేం చెయ్యలేదు. ఆ చెవి నాది, కోయించుకున్నది నేను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

నాలుగూ పెట్టె అడుగున పడేశాను.

నల్ల మేస్త్రి


మార్చి 25

నల్ల మేస్త్రిగారికి,

అత్తా, తప్పు నాదే. మొహం కళకళలాడుతుందని రాయడం నా తెలివితక్కువ. అది తెల్లబడే క్రీము కాదు. ఎండలో ఒంటికి చెరుపు చేసేది ఒకటుంటుంది, దాన్ని లోపలికి పోనివ్వకుండా ఆపే మందు. ఆ బొమ్మ వేసినవాడికి బుద్ధి లేదు, అంతే.

నీ నలుపు నాకు అడ్డా? చిన్నప్పుడు నీ పక్కన నిలబడి నా చెయ్యి, నీ చెయ్యి ఆనించి చూసుకుని, నాకూ ఆ రంగే వచ్చిందని మురిసిపోయేదాన్ని. మరిచిపోయావేమో.

నలుపు ప్రైమరే, ఒప్పుకున్నాను. తెలుపు కన్నా కొంత నయమే. మరి మేస్త్రివి కదా, ప్రైమరు వేసి పై పూత వెయ్యకుండా నువ్వు ఏ ఇనుమునైనా ఎండకీ వానకీ వదిలేశావా? వదిలేసిన చోటే కదా చెవి మీద మచ్చ వచ్చింది.

పెట్టె అడుగు నుంచి తియ్యి. బాగా రాసుకో. నా మీద ఒట్టు.

కత్తిపీట


ఏప్రిల్ 8

కత్తిపీటకి,

ఒట్టు పెడితే ఏం చేస్తాను, తీశాను. ప్రైమరు మాట నా నోరు మూయించింది. చెయ్యి ఆనించి చూసుకున్న సంగతి నాకు గుర్తుంది. గుర్తుంది కాబట్టే కోపం వచ్చింది.

నీ మందులో ఒక లోపం ఉంది, మీ షాపువాళ్ళకి చెప్పు. మరీ చిక్కన. చిక్కటి రంగు సాగదు, పనివాడు అన్నాక పల్చన చేసుకోవాలి. ఒక ట్యూబు డబ్బాలోకి పిండి, అరసీసా తలనూనె కలిపి పుల్లతో తిప్పాను. ఎంత చక్కగా వచ్చిందో! ఇప్పుడు వేలి కొనంత తీసుకుంటే మొహమంతా పాకుతోంది. పొద్దున్నే ఒక్క పూత, సాయంత్రం దాకా మళ్ళీ చూడక్కర్లేదు. నా ఒక్కదానికే ఎందుకని ఆరుగురికీ రాస్తున్నాను. పది రోజులైంది, ఇంకా పావు డబ్బా ఉంది. మూడు ట్యూబులు మిగిల్చాను! లీటరు రంగుతో ఇద్దరు వేసే గోడని నేను ఒక్కదాన్ని వేస్తానని ఊరికే అనరు.

తాళ్ళ తాత మాత్రం రాయించుకోడు. "నన్ను వేపుడు చేస్తావా?" అంటాడు.

ఒక్క మాట. మెడ వెనక, చెవి పైన మండుతోంది. నిన్న చెవి అంచున చిన్న పొక్కు లేచింది. నీ మందు నాకు పడలేదేమో. అలాగని ఆపలేదులే, ఒట్టు ఒట్టే. మధ్యాహ్నాలు దక్షిణం వైపు తుప్పు గీకుతున్నాం, పని జోరుగా సాగుతోంది.

అత్త


ఏప్రిల్ 14

అత్తా,

ఆ డబ్బా పారెయ్యి. ఇది చదవడం ఆపి, ముందు వెళ్ళి పారేసి రా.

పారేశావా? ఇప్పుడు విను. నూనె కలిపితే అది మందు కాదు, నూనె. పొక్కు లేపింది నేను పంపిన మందు కాదు, ఎండ. నువ్వు పది రోజులుగా ఏమీ రాసుకోకుండా ఎండలో కూర్చున్నట్టే లెక్క. సగం పాపం నాది. ఎంత రాసుకోవాలో, ఎన్నిసార్లు రాసుకోవాలో చెప్పకుండా "బాగా" అన్నాను. రంగు మేస్త్రికి పూత మందం చెప్పకుండా పని అప్పగిస్తే ఇంకేమవుతుంది?

చూపుడు వేలు, నడిమి వేలు పక్కపక్కన పెట్టి, మొదలు నుంచి కొన దాకా రెండు గీతలు పిండు. అది మొహానికి, చెవులకి, మెడకి మాత్రమే. చేతులకి వేరే. ఎండలోకి పోవడానికి పావుగంట ముందు రాసుకోవాలి. రెండు గంటలకి ఒకసారి మళ్ళీ రాయాలి, చెమట కారిపోతే ఇంకా ముందే. రాసుకున్నాక అరచేతులు సబ్బుతో కడుక్కో. ఆ జిడ్డు చేతులతో తాడు పట్టుకున్నావంటే చెవి సంగతి దేవుడెరుగు, మనిషివే దక్కవు. కనురెప్పల దగ్గర రాయకు, చెమటతో కంట్లోకి దిగితే పైన నీకు చూపు ఆనదు. నుదుటికి గుడ్డ కట్టుకో. ఎన్ని పూతలు వేసినా మందు ఒక్కటే సరిపోదు, పొడుగు చేతుల చొక్కా వేసుకో, చెవులు కప్పే టోపీ పెట్టుకో. పొక్కు మానేదాకా దాని మీద ఏమీ రాయకుండా మెత్తటి గుడ్డతో కప్పి ఉంచు.

ఇంకో ఆరు ట్యూబులు పంపుతున్నాను. దయచేసి మిగల్చకు.

నీ కోడలుపిల్ల


ఏప్రిల్ 22

ఈసారి దీవెనలు లేవు.

ఇంజనీరుగారి దగ్గర నుంచి చీటీ వచ్చింది. "మీ ఆరోగ్యం గురించి మీ బంధువు ఒకరు తెలియజేశారు. మే ఒకటో తేదీ నుంచి వేరే మేస్త్రిని పంపుతున్నాను. మీరు కింద రంగులు కలిపే పని చూసుకోండి." ఇదీ చీటీ.

ఆ బంధువు ఎవరో నాకు తెలియదనుకున్నావా? నాకు వేళ్ళ మీద గీతలు నేర్పుతూ, అదే చేత్తో ఆయనకి రాశావు. నాతో ఒక్క మాట అనలేదు.

నాకు పదహారేళ్ళప్పుడు ఒక మేస్త్రి "ఆడది నిచ్చెన ఎక్కితే పని చెడుతుంది" అని నాతో ఏడాది పాటు బ్రష్షులు కడిగించాడు. కిటికీలు నాకు, గోడలు వాళ్ళకి. గోడలు నాకు వచ్చేసరికి మేడలు వాళ్ళకి. ఈ ట్యాంకు నాది. దీని మీద ప్రతి రేకుకి ఎక్కడ గుంట ఉందో నా చేతికి తెలుసు. దీన్ని నా చేతిలోంచి లాగేసింది ఎండ కాదు, నువ్వు.

నువ్వు చెప్పినట్టే డబ్బా పారేశాను, రెండు గంటలకోసారి రాసుకుంటున్నాను, పొక్కు మానింది. అయినా ఇప్పుడెందుకులే, కింద డబ్బాలు కలిపేదానికి.

అత్త


ఏప్రిల్ 26

అత్తా,

రాసింది నేనే. పొక్కు అని చదవగానే కలం తీసుకున్నాను. నీతో చెబితే వద్దంటావని చెప్పకుండా రాశాను. భయంతో చేశాను, కానీ చేసింది అన్యాయం. నీ చెవిని కాపాడబోయి నీ తల తీసేశాను. క్షమించమని అడుగుతున్నాను. ఆయనకి మళ్ళీ రాయమంటే ఈ రాత్రే రాస్తాను, వద్దంటే ముట్టుకోను. ఈసారి నీ మాటే.

ఒక్కటి మాత్రం అడగాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఇంటి ఇనుప గేటుకి రంగు వేశావు గుర్తుందా? మధ్యాహ్నం అమ్మ తొందర పెడితే, రేకు మీద అరచెయ్యి పెట్టి నన్ను లెక్క పెట్టమన్నావు. నాలుగు అనేసరికి చెయ్యి తీసేశావు. "పది లెక్కపెట్టేదాకా చెయ్యి ఉంచలేకపోతే రంగు వెయ్యకూడదు వదినా, పొక్కులు లేస్తాయి," అన్నావు. ఆరోజు నీడ తిరిగేదాకా అందరం అరుగు మీద కూర్చున్నాం.

ఇప్పుడు మధ్యాహ్నాలు రంగు వెయ్యకుండా తుప్పు గీకుతున్నామని రాశావు. రంగు పాడవుతుందనే కదా? రంగుకే పడని ఆ వేడి రేకు మీద నువ్వు వేలాడుతున్నావు. మరి నీకు పది ఎవరు లెక్కపెడుతున్నారత్తా?

నీ కోడలుపిల్ల


మే 13

మా ఇంటి బంగారానికి, నా కళ్ళు తెరిపించిన కత్తిపీటకి,

అత్త దీవెనలు, పోయినసారి బాకీతో సహా!

నీ ఉత్తరం పోయిన నెల ఆఖరి బుధవారం లారీలో వచ్చింది. కొత్త మేస్త్రి రావాల్సింది ఆ శుక్రవారమే. చదివి కాసేపు కోపంగానే కూర్చున్నాను. తర్వాత మనవాళ్ళని పిలిచి గేటు సంగతి చదివి వినిపించాను. తాళ్ళ తాత అన్నాడు, "రేకుకి నీడ చూశాం మేస్త్రీ. మనుషులకి చూడలేదు." ఆయన చెవులు ఎండుటాకుల్లా పెచ్చులు లేచి ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను తాళ్ళని చూశాను గానీ ఆ చెవులు చూడలేదు.

సుద్దముక్క తీసుకుని నేల మీద ట్యాంకు గీశాను. గుండ్రటిదానికి ఎప్పుడూ ఒక పక్క నీడే కదే! పొద్దున సూర్యుడు తూర్పున ఉంటే పడమటి వైపు నీడ. మధ్యాహ్నం తిరిగాక తూర్పు వైపు నీడ. నలభై ఏళ్ళుగా రంగుని ఆ లెక్కనే వేస్తున్నాను. గీకుడూ అదే లెక్కన చేస్తే పోయేదేముంది? తెల్లారగానే ఎక్కి, రేకు మీది తడి తుడిచి పడమటి వైపు పని. పదకొండుకల్లా అందరూ కిందకి. మూడున్నర దాకా ట్యాంకు కడుపు కింద నీడలో బ్రష్షులు కడగడం, రంగులు కలపడం, ఒక కునుకు. తర్వాత తూర్పు వైపు.

శుక్రవారం ఇంజనీరుగారు జీపు దిగారు. వెనక కొత్త మేస్త్రి, నల్లకళ్ళద్దాలతో. మిట్టమధ్యాహ్నం.

"అందరూ పడుకున్నారేంటి? జూన్ ఏడు గుర్తుందా?" అన్నారు ఇంజనీరుగారు.

"గుర్తుండే పడుకున్నాం సార్," అన్నాను. "మీ మేస్త్రిని ఎక్కి ఆ దక్షిణం రేకు మీద చెయ్యి పెట్టి పది లెక్కపెట్టమనండి. పది అంటే ఇప్పుడే తప్పుకుంటాను."

ఎక్కాడు పాపం. కింద నుంచి అందరం గట్టిగా లెక్కపెట్టాం. మూడుకి "అమ్మో" అన్నాడు. దిగి వచ్చి చెయ్యి ఊదుకుంటూ, "సార్, ఆవిడ చెప్పిందే కరెక్టు," అన్నాడు. మంచివాడే.

ఇంజనీరుగారు నా సుద్ద బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "మధ్యాహ్నం నాలుగున్నర గంటలు పోతే తేదీకి ఎలా అందుతుంది?" అన్నారు.

"పోయిన నెలలో ఎండ దెబ్బకి రోజుకొకరు తలనొప్పని కింద పడుకున్నారు. ఆ లెక్క మీ దగ్గర లేదు, నా దగ్గర ఉంది. పన్నెండో తేదీ దాకా టైమివ్వండి. వెనకపడితే కింద డబ్బాలు కలుపుతాను, నోరెత్తను."

నిన్న పన్నెండో తేదీ. ఆయన వచ్చి నిచ్చెన ఎక్కి చూశారు. ఈ పదకొండు రోజుల్లో ఒక్కరూ పని మానలేదు. మొదటి తెల్ల పూత మూడు వంతులు అయిపోయింది, అనుకున్నదానికన్నా రెండు రోజులు ముందున్నాం! దిగి నా చేతిలో నీ ట్యూబు చూసి, "ఇది కూడా తాళ్ళూ గ్లౌజులతో పాటు సామాన్ల జాబితాలో రాయండి మేస్త్రిగారూ," అన్నారు. గారు! విన్నావా, గారు!

ఖాళీ డబ్బా ఒకటి ట్యాంకు కాలికి వేలాడదీశాం. రెండు గంటలకోసారి తాళ్ళ తాత స్పానరుతో దాన్ని మోగిస్తాడు. మోగగానే అందరూ దిగడం, రాసుకోవడం, అరచేతులు కడగడం, తాత ముందు చాపి చూపించడం. జిడ్డుంటే తాడు ఇవ్వడు. ముందుగా రాయించుకునేది ఆయనే, "చెవి వెనక వదిలేశావు" అని దబాయిస్తాడు కూడా.

ఒక ఇబ్బంది. టోపీ పెట్టుకుని నీడలో ఉన్నా గడ్డం కింద మండుతోంది. ఇదేం మాయ?

నీ అత్త, మేస్త్రిగారు


మే 20

మేస్త్రిగారూ మేస్త్రిగారూ,

షాపులో నిలబడి ఉత్తరం గట్టిగా చదివాను. మందులకి వచ్చినవాళ్ళు కూడా నాతో పాటు పది లెక్కపెట్టారు. నాన్న మూడుసార్లు చదివించుకుని, "మా చెల్లెలు" అని వీధంతా చెప్పి వచ్చాడు.

గడ్డం కింద మాయ నీ తెల్ల రంగుదే. కొత్త తెలుపు ఎండని కింద నుంచి మొహానికి ఎగజిమ్ముతుంది. నీడలో కూర్చున్నా పక్క రేకు నుంచి కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయండి. ట్యూబులు రేకు మీద వదిలెయ్యకండి, వేడికి లోపలి మందు విరిగిపోతుంది. నీళ్ళకుండ పక్కన పెట్టుకోండి. అట్ట మీద తేదీ దాటితే పారెయ్యండి.

ఇక మూత మిగిలింది కదా. దానికి ఏ వైపూ నీడ ఉండదు. నాకు నిద్ర పట్టడం లేదు, అయినా ఈసారి ఎవరికీ రాయను. నీకే రాస్తున్నాను.

జూన్ తొమ్మిదికి నువ్వు ఇక్కడికి రానక్కర్లేదు. మన డాక్టరు దగ్గర పనిచేసిన డాక్టరమ్మే కొండ కింద ఆసుపత్రిలో ఉంది, కాగితాలన్నీ పంపాను.

ఒక నిజం చెప్పనా? ఊరందరికీ ఇది అమ్మే నేను, రోజూ మధ్యాహ్నం స్కూటరు మీద ఏమీ రాసుకోకుండానే ఇంటికి పోతున్నాను. దీపం కింద చీకటంటే ఇదే. నిన్నటి నుంచి మొదలుపెట్టాను, రెండు వేళ్ళ గీతలతో.

నీ కోడలుపిల్ల


జూన్ 10

కోడలుపిల్లకి,

అయిపోయింది! ఏడో తేదీ అన్నారు, అయిదో తేదీకే తాళ్ళు దించేశాం.

మూత గురించి నువ్వు నిద్ర మానుకోవాల్సిన పని లేదు. సుద్దముక్క ఎంత గీసినా అక్కడ నీడ దొరకలేదు, అందుకని గంటలు తగ్గించాం. సూర్యుడు రాకముందే ఎక్కి, ఎనిమిదికి డబ్బా మోగగానే దిగేవాళ్ళం, మళ్ళీ అయిదు దాటాకే ఎక్కేవాళ్ళం. మిగతా వేళల్లో నీడలో కాళ్ళకి రంగు. రెండు రోజుల మూత ఆరు రోజులు పట్టింది. ముందు మిగుల్చుకున్న రోజులు అక్కడికి పనికొచ్చాయి. ట్యూబులు మాత్రం మిగల్లేదు, సంతోషమేనా?

ఆఖరి పట్టీ నేనే వేశాను. పైన నిలబడి కిందకి చూశాను. కొండ కింద ఇళ్ళన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. బ్రష్షులు కడిగించిన ఆ మేస్త్రి ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో. ఉంటే ఒకసారి తలెత్తి చూడమని అరవాలనిపించింది. నిజంగానే అరిచాను. తాళ్ళ తాత ఏమైందోనని తాడు బిగించాడు.

నిన్న ఇంజనీరుగారి జీపులో ఆసుపత్రికి వెళ్ళాను. ఆ డాక్టరమ్మ భూతద్దం పెట్టి చెవి అంచంతా వెతికింది. మెడ, ముక్కు, గడ్డం కింద కూడా. నేను గోడ రంగు వైపు చూడకుండా ఆవిడ మాటే విన్నాను, ఒట్టు. "చెవి శుభ్రంగా ఉంది. కొత్త మచ్చ ఒక్కటీ లేదు. ఆరు నెలలకోసారి వచ్చి చూపించండి," అంది. చెప్పకూడదనుకున్నాను గానీ చెబుతున్నా, ఆ మాట వినేదాకా నాకూ మూడు నెలలుగా భయమే. బయటికొచ్చి జీపులో కూర్చుని ఏడ్చాను. తర్వాత ట్యూబు తీసి రెండు గీతలు పిండుకున్నాను, మిట్టమధ్యాహ్నం కదా.

ఇంజనీరుగారు వానలయ్యాక ఇంకో రెండు ట్యాంకులున్నాయని అన్నారు. ఆ పనికి కూడా మేస్త్రి నేనే.

ఈ పొద్దున ఆఖరి పని చేశాను. రంగు వేశాక ట్యాంకు కాలి మీద వివరం రాయాలి. నా చేత్తోనే రాశాను. తేదీ, పూతలు మూడు, దాని కింద మేస్త్రి అన్నచోట నా పేరు. నలభై ఏళ్ళలో ఎన్నో కాళ్ళ మీద ఎవరెవరి పేర్లో రాశాను. నా పేరు రాసుకోవడం ఇదే మొదలు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

సంచి సర్దుకుని వచ్చేసరికి తాళ్ళ తాత దాని కింద సుద్దముక్కతో ఇంకో వరుస రాసి నిలబడ్డాడు. చెరిపెయ్యబోయి ఆగాను. బ్రష్షు తీసుకుని, నల్ల రంగులో ముంచి, ఆ వరుస మీదే దిద్దాను. వానలకి పోకూడదని.

"ట్యాంకుకి పూతలు మూడు. మేస్త్రికి రోజుకి అయిదు."

నీ అత్త